తుఫాన్ బాబాయిని రెండోసారి తీసినవాణ్ణి

ఒక మనిషి గొంతుని నేను పోగొట్టాను. జబ్బు ఒకసారి పోగొట్టింది, అది వేరే సంగతి. జబ్బు తీసుకెళ్ళాక ఒక టేపులో మిగిలి ఉన్నదాన్ని తెలిసి తెలిసి పోగొట్టింది నేను. ఇన్నేళ్ళుగా ఈ మాట కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. తింటున్నాను, నవ్వుతున్నాను, పెళ్ళిళ్ళకి వెళ్ళి వీడియోలు తీస్తున్నాను. నా భార్యకి తెలియదు. ఆ మనిషికీ తెలియదు. ఆయన ఇంకా ఉన్నాడు. నేను ఎదురుపడితే చెయ్యెత్తి నవ్వుతాడు కూడా. ఆ నవ్వు చూసిన రోజు నాకు అన్నం సయించదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యమే ఉంటే ఇలా కాగితం ముందేసుకుని కూర్చునేవాణ్ణి కాదు.

ఈమధ్య ఒకమ్మాయి వచ్చింది. రాయ్‌పూర్‌లో తీసిన చిన్న చిన్న సినిమాల మీద యూట్యూబులో కార్యక్రమం చేస్తుందట. నా పేరుతో వచ్చిన ఏకైక సినిమా గురించి మాట్లాడించింది. పాత కథానాయకుణ్ణి పట్టుకొచ్చి, కొత్త నటుణ్ణి పెట్టి, కథంతా మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టడాన్ని రీబూట్ అంటారని మీకు తెలిసే ఉంటుంది. నాదీ ఆ బాపతే. చివర్లో ఆ అమ్మాయి, అసలు ఆ రీబూట్ తీయదగ్గదేనా అని అడిగింది. నేను చాలాసేపు మాట్లాడాను. ప్రతి తరానికీ తన వీరుడు కావాలన్నాను. సాంకేతికత మారిందన్నాను. చేతులు కూడా తిప్పాను. ఆమె సంతోషపడి వెళ్ళిపోయింది. ఆ తరువాత నేను షాపు షట్టరు సగం దించుకుని లోపల ఊరికే కూర్చున్నాను. ఎన్ని అబద్ధాలు చెప్పాను? లెక్కకి ఒక్కటీ లేదు. అన్నీ నిజాలే. అసలుది తప్ప.

అసలుది ఇది.

ఛత్తీస్‌గఢ్ ఏర్పడి రాయ్‌పూర్ రాజధాని అయిన కొత్తలో మేము డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉండేవాళ్ళం. మా క్వార్టరుకి రెండు వరసల అవతల సింహాచలం బాబాయి ఉండేవాడు. రైలు వ్యాగన్లు రిపేరు చేసే వర్క్‌షాపులో ఫిట్టరు. మా నాన్నా ఆయనా శ్రీకాకుళం వైపునుంచి ఇంచుమించు ఒకే కాలంలో వచ్చి ఇక్కడ చేరినవాళ్ళు. నాకు వరసకి బాబాయి కాదు. కాలనీ మొత్తానికీ బాబాయే. చూడటానికి బక్కపలచని మనిషి. గొంతు మాత్రం పెద్దది. పెద్దదంటే గంభీరమైనది అనుకునేరు, కాదు. కొంచెం బొంగురు, మాట చివర కొంచెం కీచు. ఆయన వీధి మొదట్లో ఎవరితోనో మాట్లాడుతూ వస్తుంటే మా అమ్మ వంటింట్లో తనలో తను నవ్వుకునేది. ఏం మాట్లాడుతున్నాడో వినపడకపోయినా నవ్వేది.

నాకప్పుడు ఇరవై. ఊళ్ళోనే గుఢియారీలో ఒక పెళ్ళి వీడియోల షాపులో పనికి కుదిరాను. కెమెరా నా చేతికి వచ్చిన కొత్త. అప్పట్లో ఛత్తీస్‌గఢీ వీడియో సినిమాలు పుట్టగొడుగుల్లా వస్తున్నాయి. చేతిలో కెమెరా ఉన్న ప్రతివాడూ దర్శకుడే. వినాయక చవితి పందిట్లో ఆడించడానికి మనమూ మన భాషలో ఒకటి తీద్దామని బాబాయి పట్టుబట్టాడు. మన భాష అంటే ఏమిటో ఆయనే తేల్చాడు. మేము ఇంట్లో ఎలా మాట్లాడతామో అలా. శ్రీకాకుళం యాసలో సగం, హిందీ సగం.

ఆ సినిమాయే తుఫాన్ బాబాయి. వ్యాగను కింద పడుకుని పనిచేస్తున్న ఫిట్టరు నోట్లోకి ఎండాకాలం సుడిగాలి దూరిపోతుంది. అప్పట్నుంచి ఆయన ఊదితే చాలు, ఎదర ఉన్నవాడు ఎగిరిపోతాడు. ఇనుము దొంగిలించే పాతసామాన్ల కబాడీవాడు విలను. సుడిగాలి కోసం మా ఇంటి కూలర్ని బయటికి ఈడ్చాము. పక్కల గడ్డి పలకలు పీకేసి, లోపలి పెద్ద పంఖా ముందు సుద్దపొడి గుప్పిళ్ళతో పోస్తే నిజంగా దుమారం లేచినట్టే ఉండేది. వీపుమీద ఎర్ర దుప్పటి కట్టుకుని బాబాయి దాని ముందు నిలబడేవాడు. ఊదే ముందు చెప్పే మాట ఒకటుంది. అది నేను ఇక్కడ రాయాలి, రాయకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. "హటోరే హటో! బాబాయి ఊదేత్తన్నాడు!" అంతే. రాస్తే ఏమీ లేదు. ఆయన అంటే కాలనీలో కుక్కలు కూడా తలెత్తి చూసేవి.

ఆ ఏడాది నిమజ్జనం ముందు రోజు పందిట్లో తెల్ల దుప్పటి కట్టి ఆడించాము. మరుసటి ఏడాది మళ్ళీ అడిగారు. ఆ పై ఏడాదీ. అలా అది మా కాలనీలో ఆచారమైపోయింది. పూజ, ప్రసాదం, తుఫాన్ బాబాయి, నిమజ్జనం. అందరికీ మాటలన్నీ కంఠతా వచ్చేశాయి. బాబాయి ఊదే చోట పందిరి మొత్తం ఒక్క గొంతుతో అరిచేది. ఆడవాళ్ళూ, పిల్లలూ, బిలాస్‌పూర్‌కో భిలాయికో బదిలీ అయి ఆ ఒక్క రోజుకి వచ్చినవాళ్ళూ.

మరి నాకెందుకు కడుపుమంట?

ఇది చెప్పడం కష్టంగా ఉంది. చిన్న విషయం. సినిమా మొదట్లో పేర్లు చూపించాలి కదా. వర్క్‌షాపులో వ్యాగన్ల మీద ఏ భాగం పాడైందో సుద్దముక్కతో గుర్తులు రాస్తారు. బాబాయి ఆ పద్ధతిలోనే, పక్క పట్టాల మీద వదిలేసిన ఒక పాత వ్యాగను మీద సుద్దతో పేర్లు రాశాడు. కథ, మాటలు, వేషం సింహాచలం. తరువాత విలను పేరు, దుప్పటి ఇచ్చినావిడ పేరు, కూలరు ఇచ్చినందుకు మా నాన్న పేరు. అక్కడికి చోటు అయిపోయింది. కెమెరా పట్టింది నేను. ముక్కలు కత్తిరించి కూర్చింది నేను. నా పేరు లేదు. అడిగితే ఆయన నవ్వేశాడు, బొమ్మంతా నీ కంట్లోంచే కదా వస్తోంది, ఇంకా పేరెందుకన్నాడు. నిజానికి అది ఎంత మంచి మాటో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ముల్లులా దిగింది. ప్రతి ఏడాదీ ఆ సుద్ద అక్షరాలు తెర మీదికి వచ్చినప్పుడు నేను తల దించుకుని వైర్లు సరిచేస్తున్నట్టు నటించేవాణ్ణి.

మధ్యలో హైదరాబాదు వెళ్ళాను. ఒక ఎడిటింగ్ గదిలో సహాయకుడిగా చేరాను. అక్కడ నేను నోరు తెరిస్తే నవ్వేవారు. నీది తెలుగేనా అనేవారు. టీ తెమ్మని చెప్పి, నేను ఏ మాట ఎలా అంటానో వినడానికి రెండోసారి చెప్పించుకునేవారు. నోరు కుట్టేసుకుని పనిచేశాను. మాట మార్చుకోవడానికి ఒంటరిగా గదిలో వార్తలు పైకి చదివేవాణ్ణి. మాట మారింది, పని మాత్రం నిలవలేదు. తిరిగి వచ్చి గుఢియారీలో సొంత షాపు పెట్టుకున్నాను. ఓడిపోయి వచ్చానని ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను.

ఆ రోజుల్లోనే బాబాయికి గొంతులో జబ్బు బయటపడింది. ఇక్కడ గుడాఖు అని పొగాకు ముద్ద దొరుకుతుంది, పొద్దున్నే చిగుళ్ళకి రుద్దుకుంటారు. ఆయన ముప్ఫై ఏళ్ళుగా రుద్దుకున్నాడు. దానిమీద బీడీలు. ఆపరేషను చేసి గొంతులోని స్వరపేటికనే తీసేశారు. మెడ ముందు ఒక రంధ్రం. ఇక ఊపిరి అక్కడినుంచే. నోటితో దీపం ఆర్పడం కూడా కుదరదు. తుఫాన్ బాబాయి ఊదలేడు.

ఆ ఏడాది పందిట్లో సినిమా ఆడించాలా వద్దా అని అందరూ తటపటాయించారు. ఆయనే ఆడించమని సైగ చేశాడు. మెడకి రుమాలు కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. తెర మీదనుంచి ఆయన గొంతు వచ్చింది. ఎవరూ నవ్వలేదు. పందిరంతా బిగుసుకుపోయింది. అప్పుడాయన లేచి, వెనక్కి తిరిగి, నవ్వండర్రా అన్నట్టు రెండు చేతులూ ఊపాడు. అప్పుడు నవ్వారు. ఏడుస్తూ నవ్వారు. నేనూ ఏడ్చాను. ఆ కన్నీళ్ళు నిజమైనవే. ఆ తరువాత రెండేళ్ళకి నేను చేసినదీ నిజమే. రెండూ ఒకే మనిషిలోంచి ఎలా వచ్చాయి?

అప్పటికి ఊళ్ళో మాల్సు వచ్చాయి. వాటిలో ఇంగ్లీషు వీరుల సినిమాలు. కొన్నేళ్ళకోసారి అదే వీరుడు, కొత్త మొహంతో. కాలనీ కుర్రాళ్ళకి అదే పిచ్చి. తుఫాన్ బాబాయిని మళ్ళీ మొదటినుంచి, గ్రాఫిక్సుతో, ఈ కాలానికి తగ్గట్టు తీద్దామని పండగ కమిటీలో ఎవరో అన్నారు. అందరూ నా వైపు చూశారు. ఆ చూపు కోసం నేను ఎన్నాళ్ళనుంచి ఎదురుచూశానో! భిలాయి జిమ్ములో పనిచేసే కండలవాణ్ణి వెతికి తెచ్చాను. హైదరాబాదులో నాకు తెలిసిన ఒకతన్ని గొంతు ఇవ్వడానికి మాట్లాడాను. మాటలు నేనే రాశాను, తప్పుపట్టడానికి వీల్లేని తెలుగులో. వీరుడు ఊదే ముందు "తొలగిపొండి! తుఫాను వస్తోంది!" అంటాడు. ఆ మాట రాసుకుని ఎంత గర్వపడ్డానో చెబితే నవ్వుతారు.

కాని పెద్దవాళ్ళు ఊరుకోలేదు. కొత్తది తీసుకోండి నాయనా, పాతదీ ఆడించండి అన్నారు. రెండూ ఒకే రాత్రి, ఒకదాని తరువాత ఒకటి. పక్కపక్కన ఆడితే ఏది గెలుస్తుందో నాకు తెలుసు.

వానలకి ముందు ఒక మధ్యాహ్నం బాబాయి షాపుకి వచ్చాడు. వెంట కూతురు నాగమణి. ఆయన పెదవులు కదిపితే అర్థం చేసుకుని పైకి చెప్పేది ఆ అమ్మాయే. అప్పుడామె నిండు గర్భిణి. ఇద్దర్నీ కూర్చోబెట్టాను. ఆయన ఏదో చెప్పబోయి ఆగాడు. మళ్ళీ ఆగాడు.

"అన్నా, నాన్న ఒక మాట అడగాలని వచ్చినాడు," అంది నాగమణి. "సిగ్గు పడతన్నాడు."

"నా దగ్గర సిగ్గేటి బాబాయ్?" అన్నాను.

ఆయన పెదవులు కదిలాయి. నాగమణి ఆయన నోటివైపే చూస్తూ చెప్పింది. "కొత్త సినిమాల ఊదినప్పుడు ఆ డైలాగుంది కదా. దానికి పాత టేపుల ఉన్న తన ఆవాజ్ పెడతావేటని అడుగుతన్నాడు. ఒక్క దగ్గర చాలంట. మనిషి కొత్తోడే ఉండనీ, ఆవాజ్ మాత్రం నాది ఉండనీ అంటన్నాడు." తరువాత తన మాటగా, కొంచెం తగ్గించి అంది. "నాకూ కావాలన్నా. పుట్టబోయేవాళ్ళు తాత గొంతు వినాల కదా. ఇంట్లో ఎక్కడా లేదు. టేపు ఒకపాలి కంప్యూటర్ల ఎక్కించి ఇచ్చెయ్యవా?"

గంట పని. టేపు నా వెనక ఇనప బీరువాలో ఉంది, నేను కుర్చీ తిప్పితే అందేంత దూరంలో. కాలనీలో ఒకరిద్దరి దగ్గర సీడీలుండేవి, అవి ఎప్పుడో గీతలు పడి పనికిరాకుండా పోయాయి. మిగిలింది అదొక్కటే.

"టేపు ఖరాబ్ అయిపోనాది బాబాయ్," అన్నాను. "ఫంగస్ పట్టేసింది. మొన్ననే తీసి సూసినాను. ఏటీ రావట్లేదు."

"మొత్తమా?" అంది నాగమణి.

"మొత్తం."

ఆ మాట నా నోట్లోంచి వచ్చేదాకా నేను అలా అంటానని నాకే తెలియదు. లేదు, ఇదీ అబద్ధమే. నాలుగు రోజులుగా కమిటీవాళ్ళకి ఏం చెప్పాలా అని నేను తయారు చేసుకుంటున్న మాట అది. వీళ్ళు ముందు వచ్చారు, వీళ్ళకి తగిలింది.

బాబాయి పెదవులు కదిపాడు. నాగమణి వెంటనే పైకి చెప్పలేదు.

"ఏటంటన్నాడు?" అని నేనే అడిగాను.

"నువ్వు బాధ పడకంటన్నాడు. నువ్వేటి సేత్తావు, వానలకి పాడయితే, అంటన్నాడు."

వెళ్ళేముందు ఆయన నా తలమీద చెయ్యిపెట్టి వెళ్ళాడు.

ఇక్కడితో ఆగి ఉంటే నేను వట్టి అబద్ధాలకోరుని. అబద్ధాన్ని వెనక్కి తీసుకోవచ్చు. మర్నాడు వెళ్ళి, ఇంకోలా ప్రయత్నిస్తే వచ్చింది బాబాయ్ అంటే సరిపోయేది. ఎవరూ నన్ను నిలదీసేవారు కాదు. రెండు రోజులు ఆ ఆలోచనలోనే ఉన్నాను. మూడో రోజు బీరువాలోంచి టేపు తీశాను. షాపు వెనక చిన్న గదిలో నా కూలరుంది. వానలు పడ్డాక ఇక్కడ ఎవరూ కూలరు వెయ్యరు, గదంతా జిగటగా అయిపోతుంది. గడ్డి పలకలు తడిసి కుళ్ళు వాసన వేస్తాయి. ఆ కూలరుకీ గోడకీ మధ్య సందులో ఆ టేపుని డబ్బాలోంచి తీసి పెట్టాను. డబ్బాలోంచి తీసి. ఈ రెండు మాటలూ రాయడానికి ఈ పేజీ దగ్గర చాలాసేపు ఆగాను.

విరగ్గొట్టలేదు. కాల్చలేదు. దానిమీద ఇంకోటి రికార్డు చెయ్యలేదు. అంత పని చెయ్యడానికి నాకు మొహం చెల్లలేదు. వానలో తడిసే గాలికి వదిలేసి, నేను చెప్పిన మాటని అదే నిజం చేస్తుందని కూర్చున్నాను. ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది. ఆ గదిలోకి రోజూ వెళ్ళేవాణ్ణి, వేరే పనుల మీద. ఆ సందువైపు చూసేవాణ్ణి కాదు. చూడకపోతే నాకు సంబంధం లేనట్టేనా? అలాగే అనుకున్నాను.

చవితికి ముందు తీశాను. అంచుల వెంబడి తెల్లగా బూజు. ఎందుకో తెలియదు, మెషీనులో పెట్టి చూశాను. బొమ్మ ముక్కలుముక్కలుగా వచ్చింది. "హటోరే" అని ఒక్క తునక వినపడింది. తరువాత గరగర. తరువాత ఏమీ లేదు. మెషీను కూడా పట్టేసింది. టేపు పీకి, మర్నాడు పొద్దున చెత్త బండి వస్తే అందులో వేసేశాను. ఆ ఆఖరి తునక విన్నది నేనొక్కణ్ణే. చిన్నప్పటినుంచి వింటున్న గొంతు. అప్పుడైనా ఏడుపు రావాలి కదా? రాలేదు. పని పూర్తయిందనిపించింది. అంతే.

కొత్త సినిమా ఆడిన రాత్రి జనం బాగానే వచ్చారు. ఒక్కసారి ఉన్నదున్నట్టు చెప్పనివ్వండి. అది చెత్త సినిమా కాదు. తుఫాను గ్రాఫిక్సు చూసి పిల్లలు నోళ్ళు తెరిచారు. కండలవాడు బాగా చేశాడు. మొదట్లో నా పేరు పెద్ద అక్షరాలతో వచ్చింది. తలెత్తుకుని చూశాను. అంతా సవ్యంగా నడుస్తోంది. చివర్లో వీరుడు ఊపిరి పీల్చాడు. "తొలగిపొండి!" అన్నాడు. ఆ మాట పూర్తికాకుండానే పందిట్లో పెద్దవాళ్ళంతా, పన్నెండేళ్ళ అలవాటుకొద్దీ, ఒక్క గొంతుతో అరిచేశారు. "హటోరే హటో! బాబాయి ఊదేత్తన్నాడు!" తెర మీది గొంతు ఎవరికీ వినపడలేదు. వెంటనే అందరూ నాలుక కరుచుకుని నవ్వుకున్నారు.

నేను ముందు వరస వైపు చూశాను. బాబాయి కూడా అన్నాడు. అందరితోపాటు నోరంతా తెరిచి అన్నాడు. చప్పుడు లేదు. మెడ దగ్గర రుమాలు మాత్రం ఎగిరి పడింది.

అది నాకొక్కడికే కనిపించిందేమో. ఆయన నా వైపు తిరిగి, బాగుందిరా అన్నట్టు బొటనవేలు పైకెత్తాడు. అప్పుడు నాకు అక్కడినుంచి పారిపోవాలనిపించింది. వైర్లు పట్టుకుని నిలబడ్డాను.

మరుసటి ఏడాది నా సినిమాని ఎవరూ అడగలేదు. పాతది లేదు కదా, ఏం చేస్తామని ఆ రాత్రికి డీజే పెట్టారు. ఆ పై ఏడాదినుంచి డీజేయే ఆచారం. నేను పాతదానితో పాటు దాన్ని ఆడించే అలవాటునీ చంపేశాను. నా దాన్ని కూడా నేనే చంపుకున్నాను, ఎందుకంటే అది పక్కన ఉంటేనే నాది కొత్తది. ఆ అమ్మాయి అడిగింది కదా, తీయదగ్గదేనా అని. తీయదగ్గదే. దానికోసం నేను చేసిన పని మాత్రం చేయదగ్గది కాదు. ఈ ఒక్క ముక్క ఆమెతో ఎందుకు అనలేకపోయాను?

అప్పట్నుంచి నాకొక వెతుకులాట పట్టుకుంది. ఆయన గొంతు ఇంకెక్కడైనా దొరుకుతుందేమోనని. కాలనీ పెళ్ళిళ్ళన్నీ తీసింది నేనే. బాబాయి లేని పెళ్ళి లేదు. ఖాళీ దొరికినప్పుడల్లా పాత పెళ్ళి వీడియోలు ముందేసుకుంటాను. కనిపిస్తాడు. పెళ్ళివారితో వేళాకోళాలు ఆడుతుంటాడు, వడ్డన దగ్గర ఎవరినో కేకేస్తుంటాడు, ఒక చోటయితే నేరుగా నా కెమెరాలోకి చూసి ఏదో అని పకపకా నవ్వుతాడు. కాని ఒక్క మాట లేదు. మా వృత్తిలో పద్ధతేమిటంటే, మాటలూ గోలా అంతా తీసేసి, మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు పరిచేస్తాము. అలా అయితేనే బాగుంటుందని జనం అంటారు, మేమూ అదే చేస్తాము. ఆయన గొంతు తీసేసి పాట పెట్టింది, ఆ అసలు టేపుల మీద వేరే పెళ్ళిళ్ళు తీసేసింది నేనే. అప్పుడు పాపమేమీ తెలియదు. కాని చేతులు అవే. రోజులతరబడి ఒంటరిగా ఆ చీకటి గదిలో కూర్చుని, ఆయన పెదవులు కదలడం చూస్తూ, వెనక ఎవరిదో ప్రేమపాట వింటూ ఉంటాను. ఇంట్లో పని ఎక్కువగా ఉందని చెబుతాను. ఏ పని అని నా భార్య అడగడం మానేసింది.

మొన్న దసరాకి నాగమణి భోజనానికి పిలిచింది. వెళ్ళకుండా ఉండటానికి సాకు దొరకలేదు. బాబాయి రిటైరయ్యాక గుఢియారీలో కూతురి దగ్గరే ఉంటున్నాడు, నా షాపుకి పది నిమిషాల నడక. నాగమణి కూతురికి ఇప్పుడు ఏడెనిమిదేళ్ళుంటాయి. బళ్ళో హిందీ, వీధిలో హిందీ. తెలుగు అర్థమవుతుంది, మాట రాదు. నన్ను మామా అంటుంది. భోజనాలయ్యాక నా ఒళ్ళోకి వచ్చి కూర్చుని, "మామా, తాతా కైసే బోల్తే థే?" అంది. తాత ఎలా మాట్లాడేవాడని.

అందరూ నావైపు చూశారు. నాగమణి కళ్ళు మెరిశాయి. "నువ్వు సెయ్యన్నా! నీకే బాగా వచ్చు. ఎన్నిసార్లు విన్నావు ఆ టేపు!" అంది. నిజమే. ఆ టేపు నేను విన్నన్నిసార్లు విన్నవాడు భూమ్మీద లేడు. కూర్చినప్పుడు ఒక్కో మాటా పదేసి సార్లు. ఒకప్పుడు ఆయన్ని అనుకరించి కాలనీ అంతా నవ్వించేవాణ్ణి.

గొంతు సవరించుకున్నాను. మాట గుర్తుంది. బొంగురు ఎక్కడ, కీచు ఎక్కడ, అన్నీ గుర్తున్నాయనే అనుకున్నాను. నోరు తెరిచాను. వచ్చిన గొంతు బాబాయిది కాదు. గంభీరంగా, గుండ్రంగా, మాటలు శ్రీకాకుళానివే కాని గొంతు మాత్రం ఆ హైదరాబాదు డబ్బింగ్ అతనిది. మళ్ళీ అన్నాను. మళ్ళీ అదే. నా లోపల కూడా పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కిపోయింది.

పాప చప్పట్లు కొట్టింది. తాత గొంతు అలాగే ఉండేదనుకుంది. రేపు బళ్ళో స్నేహితులకి చేసి చూపిస్తుంది కాబోలు. బాబాయి నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు. అలా కాదురా అన్నట్టు. తన మెడమీది రుమాలు సర్దుకుని, పెదవులతో, ఒక్కో అక్షరం విడదీస్తూ, ఎలా అనాలో నాకు నేర్పించబోయాడు. హ. టో. రే. నేను ఆయన నోటివైపే చూశాను. ఏమీ వినపడలేదు.

బాబాయ్, ఆ టేపుకి ఫంగస్ పట్టలేదు. నేను పట్టించాను.

ఇదే ఆ మాట. ఆ రోజు అక్కడ, ఆ చిన్న గదిలో, పాపని ఒళ్ళో పెట్టుకుని అనాల్సిన మాట. అనలేదు. కర్పూరం కిళ్ళీ వేసుకుని, నాగమణికి వెళ్ళొస్తానని చెప్పి, చెప్పులు తొడుక్కుని వచ్చేశాను. రేపు అంటానా? అనననే అనుకుంటాను. నన్ను నాకు తెలుసు. ఆయన నమ్మి, మళ్ళీ నా తలమీద చెయ్యి పెడితే నేను తట్టుకోలేను. పెట్టకపోతే అదీ తట్టుకోలేను.

మీకు మాత్రం చెప్పేశాను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. రాస్తున్నప్పుడు చెయ్యి ఆగిన చోట్లన్నీ దాటి ఇక్కడిదాకా వచ్చాను. కాస్త తేలికగా ఉంది. ఇలా తేలికపడే హక్కు నాకుందో లేదో తెలియదు, కాని తేలికగానే ఉంది. ఇక లేచి షట్టరు పూర్తిగా ఎత్తాలి. పొద్దున్నే ఒక పెళ్ళివారు వస్తామన్నారు. ఈసారి మాటలు తీసెయ్యకుండా ఉంచుతానని వాళ్ళకి చెప్పి చూస్తాను. ఒప్పుకోరు.